తెర మీది పేకాట, ఇంట్లోని కోపం

పేకాటను తెర మీద చూపించే కార్యక్రమాల గురించి వరంగల్‌లో ఎవరిని కదిలించినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. హనుమకొండ చౌరస్తాలో టీ కొట్టు ముందు ఒక ఫోను చుట్టూ నలుగురు కుర్రాళ్లు చేరి విదేశీ పోకర్ (పందెం పెడుతూ ఆడే ఒక రకం పేకాట) వీడియో చూస్తుంటారు. వాళ్లకు అది క్రికెట్ లాంటిదే. అదే కుర్రాళ్ల ఇళ్లలో మొన్నమొన్నటి దాకా టీవీ మీద ఒక సినీ నటుడు నవ్వుతూ రమ్మీ ఆడమని పిలిస్తే తల్లి వెంటనే ఛానల్ మార్చేది. ఆ సరదా వెనుక, ఈ మంట వెనుక వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. రెండూ మన ఇళ్లలోనే వచ్చి కలిశాయి కాబట్టి వాటిని మొదటి నుంచి చెప్పుకోవాలి.

పత్తాలు ఈ ప్రాంతానికి టీవీ తెచ్చిపెట్టినవి కావు. నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు గంజీఫా ముక్కలు తయారు చేసేవారు. అవి అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్లలు. వాటి మీద చేతితో వేసిన బొమ్మలు, పైన మెరుగు పూత ఉండేవి. మొఘల్ పద్ధతి కట్టలో 8 రంగులు, 96 ముక్కలు. దశావతార కట్టలో 10 రంగులు, 120 ముక్కలు. ప్రతి రంగులో ఒక రాజు, ఒక మంత్రి, ఆపైన ఒకటి నుంచి పది దాకా అంకెలు. సింధ్ పాలకుడు షా హసన్‌కు 1527లో గంజీఫా పంపించానని బాబర్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అచ్చు యంత్రం మీద తయారైన 52 ముక్కల కట్ట వచ్చాక గంజీఫా మూలన పడింది. ఆటీను, ఇస్పేటు, డైమను, కళావరు అందరి నోళ్లలో నానాయి. పట్టణ క్లబ్బుల్లో రమ్మీ, దీపావళి రాత్రి ఇంటి వసారాలో మూడు ముక్కలాట స్థిరపడ్డాయి.

ఆ రోజుల నుంచీ ఆటతో పాటు చూసేవాడు కూడా ఉన్నాడు. బల్ల చుట్టూ ఆరుగురు ఆడుతుంటే వెనుక పది మంది నిలబడతారు. నిలబడ్డవాడికి ఒక్కరి చేయి మాత్రమే కనబడుతుంది. చూసినా నోరు విప్పకూడదు, ముఖంలో మార్పు రానివ్వకూడదు. ముక్క చూసి కనుబొమ్మ ఎగరేసినవాడిని ఆ బల్ల దగ్గర మళ్లీ నిలబడనివ్వరు. చూసేవాడి మీద అంత కట్టుబాటు ఉండేది. టీవీ వచ్చి తీసేసింది సరిగ్గా ఈ కట్టుబాటునే.

పేకాటను టీవీలో చూపించడానికి మొదట ఎదురైన అడ్డంకి చాలా మామూలుది: ముక్కలు బోర్లా ఉంటాయి. లాస్ వేగస్‌లో పోకర్ ప్రపంచ పోటీలు 1970లో మొదలయ్యాయి. ఆ దశకంలోనే అమెరికా టీవీ వాటిని చూపించే ప్రయత్నం చేసింది. కానీ ఎవరి చేతిలో ఏముందో తెలియనప్పుడు నోరు మెదపకుండా కూర్చున్న మనుషులను ఎంతసేపని చూడటం? ఈ చిక్కును విప్పినవాడు హెన్రీ ఓరెన్‌స్టీన్. పోలాండ్‌లో పుట్టి, నాజీ నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి, అమెరికాలో పిల్లల బొమ్మల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆటగాడి ముందున్న ముక్కలను బల్లలో అమర్చిన కెమెరాతో ప్రేక్షకుడికి చూపించే పద్ధతికి 1995లో పేటెంట్ పొందాడు. 1999లో బ్రిటన్‌లో ఛానల్ 4 అర్ధరాత్రి ప్రసారం చేసిన పోకర్ కార్యక్రమంలో బల్లకు గాజు పలకలు బిగించి కింది నుంచి ముక్కలు చూపించారు. 2003లో అమెరికాలో వరల్డ్ పోకర్ టూర్ ప్రసారం మొదలైంది. ఎవరికి గెలిచే అవకాశం ఎన్ని శాతమో తెర మీద అంకెల్లో పడుతూ ఉండేది.

అదే ఏడాది ప్రపంచ పోటీ చివరి ఘట్టంలో ఒక చేయి (ఒక విడత ఆట) ఉంది. టీవీలో పోకర్ ఎందుకు నిలిచిందో తెలియాలంటే దాన్ని నిదానంగా చూడాలి. టెన్నెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ ఒక గణకుడు. 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ ద్వారా అర్హత సంపాదించి, 839 మంది పోటీలో చివరి ఇద్దరిలో ఒకడిగా మిగిలాడు. ఎదురుగా ఉన్నవాడు ఆరితేరిన ఆటగాడు శామ్ ఫర్హా. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఎనిమిది, ఆటీను మూడు పరచి ఉన్నాయి. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆటీను తొమ్మిది. అంటే తొమ్మిదుల జత అతని దగ్గర ఉంది. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆటీను ఏడు. ఇంకొక ఇస్పేటు పడితే ఐదు ఇస్పేట్లతో రంగు కుదిరేది, అది పడలేదు. వరసా కుదరలేదు. చేతిలో ఏమీ లేదు. ఆ ఏమీ లేని చేతితోనే అతను తన దగ్గరున్న మొత్తాన్ని ముందుకు తోశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి తన గెలుపు ముక్కలను పారేశాడు. మనీమేకర్ చివరకు 25 లక్షల డాలర్లు గెలిచాడు.

ఆ వీడియోను నేను హనుమకొండలో ఆ టీ కొట్టు దగ్గరే మళ్లీ చూశాను. ఒక కుర్రాడు తట్టుకోలేక, "కాకా, వాడి చేతిలో ఏమీ లేదు, ఈయన ఎందుకు వదిలేస్తాడు?" అని పక్కనున్న పెద్దాయనను అడిగాడు. "మనకు కనబడుతోంది. ఆయనకు కనబడదు కదా" అన్నాడు పెద్దాయన. కుర్రాడు ఒప్పుకోలేదు. తానైతే వదిలేవాడిని కాదని వాదిస్తూనే ఉన్నాడు. తెర మీద పేకాటకు వచ్చే స్పందనల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. అన్ని చేతులూ కనబడుతుంటే ప్రతి ఒక్కరికీ ఆట వచ్చినట్టే ఉంటుంది. పైగా గంటల తరబడి సాగే ఆటలో ఉత్కంఠ ఉన్న చేతులను మాత్రమే ఏరి చూపిస్తారు. ముక్కలు బాగాలేక వరసగా వదిలేసుకుంటూ కూర్చునే సమయమే నిజమైన ఆటలో ఎక్కువ. అది తెర మీదకు రాదు. మరుసటి ఏడాది ప్రపంచ పోటీకి 2,576 మంది, 2006లో 8,773 మంది వచ్చారంటే ఆ నమ్మకం ఎంత పని చేసిందో ఊహించవచ్చు.

సెలబ్రిటీలు ఈ బల్ల దగ్గరకు చేరింది కూడా 2003లోనే. అమెరికాలో బ్రావో ఛానల్ నటులను, హాస్యనటులను కూర్చోబెట్టి ఆడించిన పోకర్ కార్యక్రమం 2006 దాకా నడిచింది. ఆడిన చాలామందికి ఆట పెద్దగా రాదు. ఆట తెలిసిన ప్రేక్షకులు దాన్ని చూసి విసుక్కునేవారు, తెలియనివారికి అదే నచ్చేది. తమలాగే తప్పులు చేసే మనిషి తెర మీద ఉన్నాడన్న చనువు కలిగేది. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కార్యక్రమంలో గెలిచిన సొమ్ము తారలు ఎంచుకున్న సేవాసంస్థలకు వెళ్లేది. ఓడిన తార జేబులోంచి ఒక్క డాలరూ పోయేది కాదు.

అన్నీ చూస్తున్నామన్న ధీమా అనుమానంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. 2022లో లాస్ ఏంజెలెస్‌లో ప్రత్యక్ష ప్రసారమైన ఒక ఆటలో ఒక క్రీడాకారిణి కేవలం జాకీ, నాలుగు పట్టుకుని భారీ పందానికి ఎదురు నిలిచి గెలిచింది. మోసం జరిగిందన్న అనుమానంతో చూసినవారిలో చాలామంది ఆ ఒక్క చేతినే వారాల తరబడి తిప్పి తిప్పి చూశారు. నిర్వాహకులు జరిపించిన విచారణలో ఆధారాలేవీ దొరకలేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక అయ్యాక ఈ పాత, కొత్త వీడియోలన్నీ మన ఫోన్లలోకి చేరాయి. వాటి పక్కనే డబ్బు పెట్టి ఆడే రమ్మీ యాప్‌లూ చేరాయి. కోపం కథ ఇక్కడ మొదలవుతుంది. దాని మూలం మాత్రం సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో ఉంది.

1963 మేలో పోలీసులు ఆ క్లబ్బు మీద దాడి చేసి, పందెం రమ్మీ ఆడిస్తున్నారని నిజాం కాలపు జూద చట్టం కింద కేసు పెట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో కోర్టు తేల్చింది. అదే తీర్పు మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం మీద నడిచే ఆట అంది. క్లబ్బు ఆట మీద లాభం తీస్తే నేరం కావచ్చని కూడా చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు ఆ తీర్పులో మొదటి భాగాన్ని జెండాలా ఎగరేశాయి. లాభం గురించిన మాటను అంత గట్టిగా ఎవరూ చదివి వినిపించలేదు. ఈ ఎంపిక నాకు మొదటి నుంచీ అన్యాయంగానే తోస్తుంది. పోకర్ విషయంలో కోర్టులదీ ఒకే మాట కాదు. 2017 డిసెంబరులో గుజరాత్ హైకోర్టు దాన్ని జూదం కిందే లెక్కగట్టింది.

తెలంగాణ ప్రభుత్వం ఈ చర్చను ఒక్క దెబ్బతో ముగించాలని చూసింది. 2017 జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, ఆ తర్వాత చట్టాన్ని సవరించి, 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్య ఆటలకు ఉన్న మినహాయింపును తీసేసింది. డబ్బు పెట్టి ఆడితే అది నైపుణ్యమైనా, అదృష్టమైనా, ఫోనులో ఆడినా నేరమే. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. అప్పటి నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డబ్బు రమ్మీకి చోటు లేదు. అయినా 2025 దాకా తెలుగు ప్రేక్షకుడికి తెలిసిన ముఖాలు, తెలిసిన గొంతులు ఆ ఆటలకు పిలుస్తూనే వచ్చాయి. యాప్ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోవలసి ఉండేది. ప్రకటనకు సరిహద్దు ఉండేది కాదు. ఫోను ఉన్న చోటును దాచిపెట్టే మార్గాలు కుర్రాళ్లకు తెలుసు.

2020 డిసెంబరు నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. అవి చెప్పిందేమిటంటే: ఆర్థిక నష్టం ఉందని, వ్యసనం కావచ్చని చెప్పే హెచ్చరిక ప్రకటన స్థలంలో కనీసం 20 శాతం ఉండాలి. చదివితే మామూలు వేగంతో చదవాలి. 18 ఏళ్లలోపు వారిని ఆడుతున్నట్టు చూపించకూడదు. ఈ ఆటను సంపాదన మార్గంగా చెప్పకూడదు. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉండేవి. నటుడి నవ్వు ముందు ఆ హెచ్చరిక ఎంతమందికి గుర్తుంటుంది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుల్లో, దసరా ముందు గోదావరిఖనిలో సింగరేణి కార్మికులకు లాభాల వాటా అందే రోజుల్లో ఈ పిలుపు విన్నవారి సంగతి ఆలోచించాలి. అమెరికా కార్యక్రమంలో తార ఓడినా నష్టపోడు. ఇక్కడి ప్రకటనలో తారకు ముందే పారితోషికం అందింది. యాప్ ప్రతి ఆట మీదా తన వాటా తీసుకునేది. ఆ బల్ల దగ్గర సొంత డబ్బుతో కూర్చున్నది చూసేవాడు ఒక్కడే. ఛానల్ మార్చే తల్లికి ఈ లెక్క ఎవరూ నేర్పలేదు, ఆమెకు తెలుసు. అందుకే ఆ కోపం న్యాయమైనది. దాన్ని చాదస్తం అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను.

ఆ కోపం 2025 మార్చిలో కేసుల రూపం తీసుకుంది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినీ నటులు, యూట్యూబర్లు కలిపి పాతిక మందిపై హైదరాబాద్‌లోని మియాపూర్‌లో కేసు నమోదైంది. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. జులైలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఈడీ సమన్లు పంపింది. తాము నైపుణ్య ఆటలకే, చట్టం అనుమతించిన చోట్లకే ప్రచారం చేశామన్నది కొందరు నటుల తరఫున వచ్చిన జవాబు. నేరం రుజువైందో లేదో తేల్చవలసింది కోర్టులే.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది. ఆడించినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఈ చట్టం కింద ఆడినవాడికి శిక్ష లేదు. 1963లో క్లబ్బు తలుపు తట్టిన చట్టం ఇప్పుడు స్టూడియో తలుపు దాకా వచ్చింది. కంపెనీలు దీన్ని కోర్టుల్లో సవాలు చేశాయి.

పోకర్ వీడియో చూడటం ఈ చట్టం కింద నేరం కాదు. టీ కొట్టు దగ్గరి కుర్రాళ్లు నిశ్చింతగా చూడవచ్చు. అయితే అటువంటి వీడియోల కింద విదేశీ యాప్‌ల లింకులు వస్తే మాత్రం తాకకూడదు. వాటిలో డబ్బు వేసి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఖాతాను ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.