రేడియేషన్ చికిత్స, కణితిలోని రోగనిరోధక కణాలు: నూరేళ్లకు పైబడిన నేపథ్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర గ్రామాల్లో చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు తరతరాలుగా, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఉంది. అడ్డపొగ అనే ఈ అలవాటు వల్ల అంగిలి మొదట తెల్లబారి, గరుకెక్కి, దానిమీద ఎర్రటి చుక్కలు తేలతాయి. కొందరిలో అదే చోట ఏళ్ల తరువాత క్యాన్సర్ పుడుతుంది. కోస్తాంధ్రలో కనిపించే ఈ అంగిలి క్యాన్సర్ గురించి వైద్య పత్రికల్లో 1957లోనే వ్యాసం వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి 1971లో ప్రచురించిన పరిశోధనను దేశదేశాల వైద్యులు ఇప్పటికీ ఉదాహరిస్తుంటారు.

ఈ రోగుల్లో చాలామంది చివరికి విశాఖపట్నంలోని కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో చేరతారు. అక్కడ ఆపరేషన్ తరువాత గానీ, ఆపరేషన్ కుదరనప్పుడు దానికి బదులుగా గానీ, పల్లెల్లో కరెంటు పెట్టడమని చెప్పుకునే రేడియేషన్ చికిత్స మొదలవుతుంది. ముఖానికి అచ్చు తీసిన ప్లాస్టిక్ మాస్కు బిగించి, రోజుకు 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) వంతున, వారానికి ఐదు రోజుల చొప్పున, ఆరేడు వారాల్లో 60 నుంచి 70 గ్రే వరకు ఇస్తారు. క్యాన్సర్ రకం, దశ, మోతాదు అన్నీ ఒకటే అయినా ఒకరి కణితి పూర్తిగా కరిగిపోతుంది, మరొకరిది కొద్ది నెలల్లోనే తిరగబెడుతుంది. ఈ తేడాకు కణితి లోపల కాపురమున్న రోగనిరోధక కణాలు ఒక ముఖ్య కారణమని నేడు శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. అయితే ఆ ఆధారాలు నిన్నా మొన్నా దొరికినవి కావు.

కణితుల్లో తెల్ల రక్తకణాలు ఉంటాయని జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. ఎక్స్-కిరణాలను రాంట్‌జెన్ 1895లో కనుగొన్నాక, శరీరంలో వాటి దెబ్బకు అన్నిటికంటే ముందు చనిపోయేవి తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లేనని హైనెకె 1903లో చూపించాడు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జేమ్స్ మర్ఫీ 1910ల్లో మరో మెట్టు ఎక్కాడు. ఎక్స్-కిరణాలతో లింఫోసైట్లను తుడిచిపెట్టిన జంతువులు, నాటిన కణితులను అడ్డుకునే శక్తిని పోగొట్టుకున్నాయి. రేడియేషన్‌కూ రోగనిరోధక శక్తికీ ఉన్న ముడి అప్పుడే బయటపడిందన్నమాట. కానీ లింఫోసైట్లు చేసే పని ఏమిటో ఎవరికీ తెలియని రోజులవి కావడంతో, ఆ మాట వినేవారు లేకపోయారు.

ఆ కాలంలో రేడియేషన్, రోగనిరోధక శక్తిని రేపే చికిత్స అనే ఈ రెండు మార్గాలు ఒకదానికొకటి పోటీగా కూడా నిలిచాయి. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో విలియం కోలీ 1891 నుంచి బ్యాక్టీరియాతో తయారుచేసిన మందును ఎక్కించి కణితులను కరిగించే ప్రయత్నం చేస్తుండగా, అదే ఆసుపత్రిలో ఆయన పైఅధికారి జేమ్స్ యూయింగ్ రేడియం వైపు మొగ్గాడు. గనుల యజమాని జేమ్స్ డగ్లస్ ఇచ్చిన రేడియం అండతో రేడియేషన్ గెలిచింది, కోలీ పద్ధతి మరుగున పడింది. ఫలితాలను కొలవడానికి వీలైన చికిత్స నిలవడంలో అన్యాయమేమీ లేదు గానీ, దానితోపాటు ఒక మంచి ప్రశ్న కూడా అటకెక్కింది.

ఆ తరువాత రేడియేషన్ శాస్త్రం ప్రధానంగా క్యాన్సర్ కణం లోపలే సమాధానాలు వెతికింది. ప్రాణవాయువు అందని కణాలు రేడియేషన్‌కు లొంగవని 1950ల్లో తేలింది. కణాల మరమ్మతు, పునరుత్పత్తి వంటి నాలుగు అంశాల సూత్రాన్ని 1975లో విదర్స్ రూపొందించాడు. ఆ నాలుగింటిలో రోగనిరోధక కణాలకు చోటు లేదు. ఒకచోట రేడియేషన్ ఇస్తే దూరంగా మరోచోట ప్రభావం కనిపించడాన్ని 1953లో ఆర్. హెచ్. మోల్ ఆబ్‌స్కోపల్ అని పిలిచినా, దాన్ని ఏ కొద్దిమందిలోనో కనిపించే వింతగానే చూశారు.

నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు 1979. అమెరికాలో హెలెన్ స్టోన్ బృందం ఎలుకల్లో ఒకే రకం కణితిని పెంచి, సగం ఎలుకలకు నయం కావడానికి ఎంత రేడియేషన్ కావాలో కొలిచింది. మామూలు ఎలుకల్లో 30 గ్రే సరిపోగా, లింఫోసైట్లలో ఒక రకమైన టి-కణాలు లేకుండా చేసిన ఎలుకల్లో రెట్టింపుకు పైగా కావలసి వచ్చింది. కణితీ అదే, కిరణాలూ అవే. మారింది ఒంట్లోని టి-కణాలు మాత్రమే. ఇంత స్పష్టమైన ప్రయోగాన్ని కూడా చికిత్సా రంగం పట్టించుకోవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

ఇది ఎలా జరుగుతుందో గత పదిహేనేళ్లలో చాలావరకు తేటతెల్లమైంది. రేడియేషన్‌కు విరిగిన డీఎన్ఏ ముక్కలు కణంలో ఉండకూడని చోటికి చేరినప్పుడు, సీగ్యాస్, స్టింగ్ అనే ప్రొటీన్లు పసిగట్టి, రోగనిరోధక కణాలను మేల్కొలిపే ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేయిస్తాయి. డెండ్రిటిక్ కణాలు చచ్చిన కణితి శకలాలను సమీప లింఫ్ గ్రంథులకు మోసుకెళ్లి టి-కణాలకు గుర్తు చూపిస్తాయి; ఆ టి-కణాలు కణితిలోకి వచ్చి, కిరణాలకు చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలను చంపుతాయి. కణితిలో ముందునుంచీ స్థిరపడిన టి-కణాలు రక్తంలో తిరిగే వాటికంటే రేడియేషన్‌ను బాగా తట్టుకుంటాయని 2019లో తేలింది. రంగు వేసిన బయాప్సీ పలకను మైక్రోస్కోపు కింద పెడితే, గులాబీ రంగు కణితి గడ్డల మధ్యకు చొచ్చుకుపోయిన ముదురు నీలం చుక్కలుగా లింఫోసైట్లు కనిపిస్తాయి. కొందరిలో అవి గడ్డ అంచు దగ్గరే ఆగిపోతాయి, కొందరిలో దాదాపు ఉండవు.

అన్ని రోగనిరోధక కణాలూ రోగి పక్షానే ఉంటాయనుకుంటే పొరపాటు. చెత్తను మింగి శరీరాన్ని కాపాడాల్సిన మ్యాక్రోఫేజ్‌లలో కొన్ని, కంచే చేను మేసినట్టు, కణితికి కొత్త రక్తనాళాలు కట్టిపెట్టి, టి-కణాలను అణచివేస్తాయి. రేడియేషన్ గాయం అలాంటి కణాలను మరిన్నింటిని రప్పించగలదు. రోగనిరోధక దాడిని అణచే నియంత్రక టి-కణాలు కిరణాలను కొంత ఎక్కువగా తట్టుకోవడం మరో చిక్కు.

2012లో ఒక మెలనోమా రోగికి, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే) మందు వాడుతూ, వెన్ను పక్కన ఉన్న కణితికి మాత్రమే రేడియేషన్ ఇస్తే ప్లీహంలోని గడ్డలు కూడా తగ్గాయి. ఈ నివేదిక వెలువడింది కోలీ, యూయింగ్ పనిచేసిన ఆసుపత్రి నుంచే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్ పూర్తయ్యాక అలాంటిదే అయిన డుర్వాలుమాబ్ మందు ఇస్తే వ్యాధి ముదరకుండా గడిచిన కాలం 5.6 నెలల నుంచి 16.8 నెలలకు పెరిగినట్టు 713 మందిపై జరిగిన ప్రయోగం 2017లో తెలిపింది. దాంతో ఇక అన్ని క్యాన్సర్లకూ ఇదే దారి అనుకున్నారు.

మన ప్రాంతానికి ముఖ్యమైన తల, మెడ క్యాన్సర్లలో మాత్రం ఆ ఆశ మొదట్లో నెరవేరలేదు. రేడియేషన్‌తోపాటే అవెలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇచ్చి చేసిన పెద్ద ప్రయోగం ఫలితం లేకుండానే ముగిసింది. మెడలోని లింఫ్ గ్రంథులకు కూడా నెలన్నర పాటు కిరణాలు తగలడం వల్ల టి-కణాలు దాడికి సిద్ధమయ్యే చోటే దెబ్బతిందన్నది ఒక బలమైన వాదన. 2 గ్రే చాలు, లింఫోసైట్లు పెద్ద సంఖ్యలో చనిపోతాయి. అది ఒక రోజు మోతాదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్‌కు పెంబ్రొలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు జోడిస్తే మేలు కనిపించి, 2024 జనవరిలో అమెరికా అనుమతినిచ్చింది. కాబట్టి మందు, శరీర భాగం, ఇచ్చే వేళ అన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తున్నాయి.

ఈ మందుల ధర మన రోగులకు పెద్ద అడ్డంకి. తల, మెడ క్యాన్సర్ ముదిరినవారికి మామూలు మోతాదులో పదోవంతుకన్నా తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందును ఇతర మందులతో కలిపి ఇచ్చినా ఆయుష్షు పెరుగుతుందని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2023లో చూపించారు. ఆ ప్రయోగంలో రేడియేషన్ లేదు. ఉద్దానం వంటి చోట్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి రేడియేషన్‌తో కలిపి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడం కష్టం గనుక, ఇలాంటి చిన్న మోతాదులను రేడియేషన్‌కు జోడించి పరీక్షించవలసిన అవసరం ఉత్తరాంధ్రకు మరీ ఎక్కువ. ప్రస్తుతానికి కణితిలో రోగనిరోధక కణాలు ఎన్ని ఉన్నాయో చూసి రేడియేషన్ మోతాదు నిర్ణయించే పద్ధతి రోజువారీ చికిత్సలోకి రాలేదు. రకం, దశ చూసే ఆ నిర్ణయం జరుగుతోంది.