తాంబరం పెరట్లో అష్టమి రాత్రి

టెలిస్కోపును చూసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది? 2025లో రథసప్తమి మర్నాటి సాయంత్రం చెన్నై శివారు తాంబరంలో, మా పెరట్లో 150 మిల్లీమీటర్ల దర్పణమున్న టెలిస్కోపును నిలబెట్టినప్పుడు పక్కింటి పిన్నిగారు కూడా అదే అడిగారు. నిజానికి అడగవలసింది అది ఎంత వెలుగును పోగుచేస్తుందని. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప వ్యాసం దాదాపు 7 మిల్లీమీటర్లు. దానితో పోలిస్తే ఈ దర్పణం వైశాల్యం సుమారు 450 రెట్లు. పెద్దది చేయడం ఐపీసు, అంటే మనం కన్ను పెట్టి చూసే కటకం పని, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఏసీ గదిలోంచి తిన్నగా బయటి ఉక్కలోకి తేవడం నా తొందరపాటు. మజ్జిగ గ్లాసు మీద పట్టినట్టు ఐపీసు మీద చెమ్మ పట్టింది. తుడిస్తే పూత గీరుకుపోతుందని అరగంట ఊరుకున్నాను. మేడ మీదికి వెళ్లకపోవడానికి కారణం కూడా వేడే: పగలంతా కాగిన కాంక్రీటు పొద్దుపోయేదాకా వేడిగాలిని పైకి వదులుతూనే ఉంటుంది, ఆ గాలి వణుకు బింబంలోకి వచ్చేస్తుంది.

అష్టమి చంద్రుణ్ణి చూడవలసింది వెలుగూ చీకటీ కలిసే అంచున. అక్కడ సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటాడు కనుక, పొద్దుటి ఎండలో గులకరాయికి కూడా పొడుగు నీడ పడ్డట్టు, గుంటల గోడలు నల్లని నీడలు పరుస్తాయి; చీకటి వైపున ఇంకా తెల్లవారని నేల మీద ఒక్కొక్క శిఖరం మాత్రం చుక్కలా మెరుస్తుంది. పున్నమినాడు ఈ నీడలేవీ ఉండవు. అందుకే ఆ రోజు చంద్రుడు నాకు చప్పగా కనిపిస్తాడు.

పక్కనే ఉన్న కృత్తికలు, అంటే మన పిల్లలకోడి, ఐపీసులో ఇమడలేదు. 48 రెట్లకే కోడి ఒకవైపు, పిల్లలు ఒకవైపు అయిపోయాయి. వాటికి బైనాక్యులర్సే మేలు.

ఓరియన్ నీహారిక, అంటే అంతరిక్షంలో వెలిగే వాయుమేఘం, దగ్గర నగరపు వెలుగు దెబ్బ తెలిసింది. నక్షత్రం ఎంత పెద్దది చేసినా చుక్కగానే ఉంటుంది, దాని వెనకాల ఆకాశం మాత్రం పలచబడి మసకబారుతుంది. అందువల్ల నీహారిక నడుమనున్న నాలుగు నక్షత్రాలు 120 రెట్ల దగ్గర స్పష్టంగా విడిపోయాయి. నీహారిక అలా కాదు, అది కూడా ఆకాశంతోపాటే మసకబారుతుంది. సుమారు 1,300 కాంతి సంవత్సరాలు ప్రయాణించి వచ్చిన ఆ వెలుగు, చంద్రకాంతిలో, వీధిదీపాల్లో కలిసిపోయి బూడిదరంగు పొగలా మిగిలింది. ఫోటోల్లోని గులాబీరంగు కంటికి కనిపించదు, మసక వెలుతురులో మన కన్ను రంగులను పట్టలేదు.

రోహిణికి దగ్గరగా ఉన్న గురుగ్రహం వద్ద పిన్నిగారు చాలాసేపు ఉన్నారు. 1610లో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాల్లో లోపలిదైన అయో గంటకు సుమారు 62 వేల కిలోమీటర్లు, అంటే గురుగ్రహం వ్యాసంలో దాదాపు సగం, పరుగెడుతుంది. ఎనిమిదిన్నరకు చూసి, వెళ్లి అన్నం తిని, మళ్లీ వచ్చి కన్ను పెట్టిన ఆవిడ, "ఇందాకటి చోట లేదేమిటండీ ఇది?" అన్నారు.

మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటికులి అనే చంచల నక్షత్రాన్ని, అంటే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాన్ని, గుర్తించారు. రోహిణి నడినెత్తికి చేరే వేళకే అది కూడా దక్షిణాన తన గరిష్ఠమైన 14 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఆ దిక్కుకు గొట్టం తిప్పితే అగస్త్య నక్షత్రం దొరికింది. దానికి కింద, దీపాల కాంతి తేలిన మబ్బు తప్ప ఏమీ లేదు.