గ్రీకు కచేరీలో ఇంగ్లిషు గోల ఎక్కడ మొదలైంది?

అమెరికాలో గ్రీకు చర్చికి కప్పు బాగుచేయించాలన్నా, పిల్లల బడికి డబ్బు కావాలన్నా వారసత్వ కచేరీ పెట్టడం మామూలే. బుజుకీ అనే తీగల వాద్యం వాయిస్తారు, తెల్ల కుచ్చుల పావడాలు కట్టిన కుర్రాళ్లు కలమటియానోస్ నాట్యం ఆడతారు, బయట సువ్లాకి అనే మాంసం పుల్లలు కాలుస్తుంటారు. పేచీ అంతా మైకు దగ్గరే. ఎవరో ఇంగ్లిషులో మాట్లాడటం మొదలుపెట్టగానే ముందు వరుసలోని పెద్దాయనకు కోపం వస్తుంది, ఇది గ్రీకు కచేరీయేనా అని. (డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సభలకు వెళ్లినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు.)

వలసవాళ్లు ఓడ దిగిన ఎల్లిస్ ఐలాండ్, బూట్ పాలిష్ కుర్రాళ్లు హోటల్ ఓనర్లవడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 1922 జూలై 26. ఆ రోజు అట్లాంటాలో కొందరు గ్రీకు వ్యాపారులు కలిసి 'అహెపా' అనే సంఘం పెట్టారు, దాని వ్యవహారాలన్నీ ఇంగ్లిషులోనే నడవాలని తీర్మానించుకున్నారు.

దీన్ని మాతృభాషను వదిలేసుకోవడం అని తిట్టేవాళ్లు అట్లాంటా ఎలాంటి ఊరో మర్చిపోతారు. నల్లవాళ్లనూ వలసవాళ్లనూ ద్వేషించే తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్‌కు అది కంచుకోట, దక్షిణాదిలో గ్రీకుల హోటళ్లలో తినొద్దని ప్రచారం నడుస్తున్న రోజులు. అంతకు ముందు 1909 ఫిబ్రవరిలో సౌత్ ఒమాహాలో ఒక గ్రీకు వలసకూలీ చేతిలో పోలీసు చనిపోతే, జనం మూకగా వచ్చిపడి గ్రీకు పేటను ధ్వంసం చేసి, అక్కడున్న కుటుంబాలను ఊరొదిలి పారిపోయేలా చేశారు. ఒకడు చేసినదానికి పేట మొత్తం శిక్ష అనుభవించింది. అలాంటి దేశంలో దుకాణం నడుపుకునేవాడు పక్కవాడికి అర్థమయ్యే భాషలో మాట్లాడాలనుకోవడం సిగ్గుతో చేసిన పనిలా నాకైతే కనిపించదు.

అహెపా పెట్టిన మరుసటి ఏడాదే, 1923లో, పోటీగా 'గాపా' అనే ఇంకో గ్రీకు సంఘం వచ్చింది. గ్రీకు భాష, ఆర్థడాక్స్ చర్చి, ఈ రెండూ లేకపోతే మనమెవరం అని వాళ్ల వాదన. వాదనలో బలముంది గానీ కాలం కలిసిరాలేదు. 1924 వలస చట్టం గ్రీసు కోటాను ఏడాదికి 100 మందికి కుదించేసింది. ఊరి నుంచి కొత్తగా గ్రీకు మాట్లాడేవాళ్లు రావడం దాదాపు ఆగిపోయింది, ఇక్కడి పిల్లలేమో ఇంగ్లిషు బడిలో.

ఇక విరాళాల సంగతి. 1940 అక్టోబరు 28న ఇటలీ గ్రీసు మీద దండెత్తగానే, సినిమా హాళ్ల వ్యాపారి స్పైరస్ స్కూరస్ అధ్యక్షతన గ్రీకు యుద్ధ సహాయ సంఘం ఏర్పడింది. తగవులాడుకునే రెండు సంఘాలూ ఇందులో చేయి కలిపాయి. 1941 ఫిబ్రవరిలో హాలీవుడ్ నుంచి రేడియోలో పెద్ద సహాయ కార్యక్రమం ప్రసారమైంది, బాబ్ హోప్, జాక్ బెన్నీ లాంటివాళ్లు పాల్గొన్నారు. గ్రీకుల కోసం చేసిన ఆ షో నడిచింది ఇంగ్లిషులో, ఎందుకంటే గ్రీకేతరుల జేబులోంచి కూడా డబ్బు రావాలి. నేటి కచేరీలు నడిచేది ఆ దారిలోనే.

1965లో కోటాలు ఎత్తేశాక కొత్తవాళ్లు వేల సంఖ్యలో దిగారు. వాళ్లకు ఇక్కడి గ్రీకులు సగం అమెరికన్లలా కనిపించారు. 1970లో అమెరికా గ్రీకు చర్చి పెద్ద ఆర్చ్‌బిషప్ ఇయాకోవోస్ హయాంలో చర్చి మహాసభ ప్రార్థనలో ఇంగ్లిషు వాడకానికి ఒప్పుకోగానే గ్రీకు పత్రికలు మండిపడ్డాయి. ముందు వరుసలోని పెద్దాయన కోపానికి మూలం అక్కడుంది.

ఇప్పుడు ఏ చర్చి వీలు దానిది. న్యూయార్క్‌లోని అస్టోరియాలో గ్రీకు ఎక్కువ వినిపిస్తుంది, అక్కడ వినేవాళ్లున్నారు కాబట్టి. ఆ పద్ధతే చిన్న ఊళ్లోనూ పెట్టాలనేవాళ్లు, మిగిలిన టికెట్లు ఎవరికి అమ్మాలో కూడా కమిటీకి చెబితే బాగుంటుంది.