నెగటివ్ మీద ఒక మిల్లీమీటరు

ఊరి చెరువును ఏటా ఫోటోలు తీసి పెట్టాలనుకుంటున్నాం, ఇంట్లో ఉన్న పాత రీలు కెమెరా పనికొస్తుందా అని కావలి నుంచి ఒక పాఠకుడు అడిగారు. పనికొస్తుంది. అందమైన బొమ్మ సంగతి పక్కన పెట్టండి, ఆ చిన్న కెమెరా చక్కటి కొలబద్ద.

ఒకే చోట నిలబడి ఏళ్ల తరబడి అదే దృశ్యాన్ని తీసి పోల్చడం కొత్త పద్ధతి కాదు. 1880ల చివర్లోనే ఆల్ప్స్ పర్వతాల్లో హిమానీనదాలు ఎంత తరిగాయో ఇలాగే చూశారు. మన దగ్గర హిమానీనదాలు లేవు గానీ సర్కారు తుమ్మ కమ్మేసిన చెరువులున్నాయి, కోసుకుపోతున్న కట్టలున్నాయి.

కెమెరా లెన్సు చుట్టూ ఒక అంకె ఉంటుంది. ఒలింపస్ ఎక్స్ఏ, మ్యూ టూ లాంటి వాటి మీద 35 అని, ఒలింపస్ ట్రిప్ మీద 40 అని కనిపిస్తుంది. అది నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్), అంటే దూరపు వస్తువును తీసేటప్పుడు లెన్సుకు, ఫిల్ముకు మధ్య ఉండే దూరం, మిల్లీమీటర్లలో. లెన్సు మీద అంకె ఎంతో, తీయాల్సిన వస్తువుకు అన్ని మీటర్ల దూరంలో నిలబడండి. 35 మి.మీ. లెన్సయితే 35 మీటర్లు. అప్పుడు నెగటివ్ మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద సరిగ్గా 1 మీటరు. నెగటివ్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. కాబట్టి ఆ ఫ్రేములో 36 మీటర్ల కట్ట పడుతుంది. మీ చేతిలో ఉన్నది 1:1000 పటం. 70 మీటర్లకు జరిగితే 1:2000.

ఇది పదో తరగతి సరూప త్రిభుజాల పాఠమే. లెన్సుకు ఇటు ఫిల్ము వైపు చిన్న త్రిభుజం, అటు వస్తువు వైపు పెద్ద త్రిభుజం. బల్ల మీద ఒక రీలు కెమెరా పెట్టి ఈ పాఠం చెబితే పిల్లలకు జన్మలో మరిచిపోవడం ఉండదు. ఏబీసీ, డీఈఎఫ్ అని నల్లబల్ల మీద గీసి వదిలేయడం వల్లే అది మార్కుల లెక్కగా మిగిలిపోతోంది.

దగ్గరికి వస్తే లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. దగ్గరి వస్తువును ఫోకస్ చేయడానికి లెన్సు కాస్త ముందుకు జరగాలి. 1 మీటరు దూరానికి దాదాపు 1.3 మి.మీ. జరుగుతుంది. ఆ మేరకు ఫ్రేములో పట్టే వెడల్పు తగ్గి, 1.03 మీటర్లు రావలసింది 99 సెంటీమీటర్లకు వస్తుంది. 1.5 మీటర్ల దగ్గర లెక్కకడితే వెడల్పు 1.5 మీటర్లు, ఎత్తు 1 మీటరు. అంటే 35 మి.మీ. లెన్సుతో, దగ్గరైనా దూరమైనా, ఎంత దూరంలో ఉంటే ఫ్రేము వెడల్పూ దాదాపు అంతే. ఫోనులో ఈ నిలకడ దొరకదు. రెండు మూడు లెన్సుల్లో ఏది వాడాలో అదే ఎంచుకుంటుంది, అంచుల వంపులను సాఫ్ట్‌వేరుతో సరిచేస్తుంది. జూమ్ ఉన్న రీలు కెమెరా అయితే పూర్తిగా వెడల్పు వైపే ఉంచి తీయండి.

మైపాడు లాంటి తీరంలో తాబేళ్ల జాడలు రాసుకునేవాళ్లకు ఈ 1.5 మీటర్ల లెక్క వరం. ఆలివ్ రిడ్లే గుడ్లు పెట్టి వెళ్లిన జాడ 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. కుడి రెక్క గుర్తు, ఎడమ రెక్క గుర్తు ఒకదాని తర్వాత ఒకటిగా పడతాయి. పచ్చ తాబేలు జాడలో రెండు వైపులా జంటగా పడతాయి, జాడ కూడా పెద్దది. కెమెరాను నేరుగా ఇసుక మీదికి కిందికి తిప్పి పట్టుకోవాలి. దాని పట్టీ కొక్కేనికి 1.5 మీటర్ల నూలు దారం కట్టి చివర ఒక ఇనుప నట్టు వేలాడదీయండి. నట్టు ఇసుకను తాకితే దూరం సరిపోయినట్టు. దారం నిలువుగా ఉంటుంది కాబట్టి కెమెరా వాలిందో లేదో కూడా దాన్ని చూసి తెలుసుకోవచ్చు. అప్పుడు 70 సెంటీమీటర్ల జాడ నెగటివ్ మీద 16.8 మి.మీ. వస్తుంది.

తెల్లవారాక, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, సూర్యుడు పక్కన ఉండేలా నిలబడి తీయాలి. అప్పుడే గట్లకు నీడలొచ్చి రెక్కల గుర్తులు తేలుతాయి. ఫ్లాష్ తప్పకుండా ఆపేయాలి. మ్యూ టూ లాంటివి మూత తెరిచిన ప్రతిసారీ ఆటో ఫ్లాష్‌కు తిరిగొస్తాయి. ఎదురుగా పడే ఆ వెలుగు నీడలను చంపేసి జాడను చదును చేస్తుంది. రాత్రిపూట అసలు కెమెరా తీయకూడదు. వెలుగుకు ఒడ్డెక్కే తల్లి వెనక్కి మళ్లుతుంది, పిల్లలు దారి తప్పుతాయి.

చెరువు దగ్గర అసలు కష్టం మళ్లీ అదే చోట నిలబడటం. ఇక్కడా త్రిభుజమే సాయం. 5 మీటర్ల దూరంలో ఉన్న తూము స్తంభం, అర కిలోమీటరు అవతలి తాటిచెట్టు ఒకే గీతలోకి వచ్చేలా నిలబడండి. మీరు 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే నెగటివ్ మీద స్తంభం చెట్టు నుంచి 0.7 మి.మీ. తప్పుకుంటుంది. 4×6 ప్రింటులో అది దాదాపు 3 మి.మీ. పాత ప్రింటు చేతిలో పట్టుకుని చూసుకుంటే కొద్ది సెంటీమీటర్ల తేడాతో పాత చోటు దొరుకుతుంది. జీపీఎస్ తప్పు మీటర్లలో ఉంటుంది. కెమెరా ఎత్తు కూడా ప్రతిసారీ ఒకటే ఉండాలి. 1.5 మీటర్ల కర్ర ఒకటి కోసి పెట్టుకుంటే చాలు. సంక్రాంతికి చెరువు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, రోహిణి కార్తెలో నెర్రెలిచ్చినప్పుడు ఒకసారి తీయండి.

రీలులో తీసింది అబద్ధం చెప్పదని చాలామందికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం చెల్లదు. దూరం రాయకపోతే ఆ ఫోటోకు కొలత విలువ లేదు. దూరంలో నూటికి 5 తప్పయితే వచ్చే కొలతలోనూ నూటికి 5 తప్పు. కలుజు గోడ మీకు అడ్డంగా ఉంటేనే లెక్క నిలుస్తుంది. 45 డిగ్రీలు ఏటవాలుగా ఉంటే 10 మీటర్ల గోడ 7 మీటర్లుగా కనిపిస్తుంది. అందుకే 20 సెంటీమీటర్లకొక పట్టీ చొప్పున ఎరుపు, తెలుపు రంగులేసిన మీటరు కర్రను కొలవాల్సిన వస్తువు పక్కనే నిలబెట్టాలి. రీలు మొదటి ఫ్రేములో పలక మీద బలపంతో ఊరు, తేదీ, రీలు నంబరు, దూరం, దిక్కు రాసి తీయండి. కెమెరాలోని తేదీ ముద్రను నమ్ముకోవద్దు, పాత వాటిలో కొన్నింటికి సంవత్సరం 2019 దగ్గరే ఆగిపోతుంది.

ఫిల్ము సంగతి. ఐఎస్ఓ అంటే ఫిల్ము వెలుగును ఎంత చురుగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె. పగటి పనికి 200 ఐఎస్ఓ కలర్ నెగటివ్ చాలు. రీలు డబ్బా మీది వెండి గళ్లు డీఎక్స్ కోడ్, ఆ ఐఎస్ఓ ఎంతో కెమెరాకు చెప్పే గుర్తు, 1983లో వచ్చింది. గళ్లు లేని రీలు వేస్తే చాలా ఆటో కెమెరాలు 100 అనుకుంటాయి. కలర్ నెగటివ్‌కు వెలుగు ఎక్కువైతే ఫర్వాలేదు, తక్కువైతేనే నీడల్లో ఏమీ మిగలదు. తెల్లటి ఇసుక, మెరిసే నీళ్లు, పెద్ద ఆకాశం కెమెరాలో వెలుగును కొలిచే మీటరును మోసం చేసి ఫోటోకు వెలుగు తగ్గిస్తాయి. ఐఎస్ఓ చేత్తో మార్చగలిగితే 200 ఫిల్ముకు 100 పెట్టండి.

మన ఎండకు ఫిల్ము తొందరగా పాడవుతుంది. మే నెలలో మూసిన కారులో ఉంచితే రంగులు పక్కదారి పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలును డబ్బా మూత తీయకుండా గంటన్నర బయట ఉంచాలి, లేకపోతే మన ఉక్కకు చెమట పట్టి అతుక్కుంటుంది. ఫిల్ము బయటికొచ్చే చీలికకు మఖమల్ పట్టీ ఉంటుంది. అందులో ఒక్క ఇసుక రేణువు చిక్కితే 36 ఫ్రేముల మీదా ఒకే గీత. రీలు మార్చేది ఇసుక మీద కాదు, గాలి తగలని నీడలో, గుడ్డ సంచిలో చేతులు పెట్టి.

ల్యాబుకు ఇచ్చేటప్పుడు అంచులు కత్తిరించకుండా ఫ్రేము మొత్తం స్కాన్ చేయమనాలి. 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) 1 మి.మీ. అంటే 94 పిక్సెళ్లు, కాబట్టి 35 మీటర్ల దగ్గర ఒక్కో పిక్సెల్ సుమారు సెంటీమీటరు. లెన్సు మీది అంకె, అసలు నాభ్యంతరం కొద్దిగా తేడాగా ఉండొచ్చు. మొదటి రీలులోనే ఒక ఫ్రేము ఖర్చుపెట్టి, గోడకు పొడవాటి కొలత టేపు అడ్డంగా అతికించి 5 మీటర్ల నుంచి తీయండి. టేపు మీద 5 మీటర్ల 11 సెంటీమీటర్లు పడితే మీ లెన్సు నిజంగా 35. ఎంత పడిందో కెమెరా అడుగున చీటీ మీద రాసి అంటించండి.