గల్ఫ్‌లో పుట్టిన మన పిల్లలు: పౌరసత్వానికి ఏడాది గడువు ఎలా వచ్చింది

1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. తల్లి భారతీయురాలైనా లెక్కలోకి రాదు. 1992 డిసెంబరు 10 నుంచి పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఎవరు భారత పౌరులైనా చాలన్నారు. పెద్ద మార్పే ఇది. కువైట్, సౌదీ వంటి చోట్ల పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, అక్కడా ప్రధానంగా తండ్రినే చూస్తారు. మన చట్టం కూడా తండ్రినే అడిగితే, తండ్రి పేరు కాగితం మీద లేని బిడ్డకు ఏ దేశమూ మిగలదు.

అలా తెరిచిన తలుపుకి 2004 డిసెంబరు 3న అమల్లోకి వచ్చిన సవరణ గడియ పెట్టింది. ఆ తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయిస్తేనే పౌరసత్వం. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. ఏ దేశ పౌరసత్వమూ లేకుండా మిగిలే పిల్లల కోసం చేసిన 1961 అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం చేరలేదు కాబట్టి, ఆ రక్షణా లేదు.

చిక్కు కాన్పు దగ్గరే మొదలవుతుంది. అక్కడ బర్త్ సర్టిఫికెట్‌కి పెళ్లి సర్టిఫికెట్, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చినా, గుళ్లో తాళి కట్టించుకుని రిజిస్టర్ చేయించని జంటలున్నాయి. చేయించినా, పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరుతో ‘వెంకటలక్ష్మి’, సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరుతో ‘లక్ష్మి’ అని ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. గోదావరి జిల్లాల నుంచో రాయచోటి వైపు నుంచో ఇంటిపనికి వెళ్లి, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బాధ పడలేక బయటికొచ్చి కల్లివెల్లి అయిన, అంటే కాగితాల్లేకుండా ఉండిపోయిన తల్లికి అకామా ఉండదు. ఆస్పత్రికి పోతే పట్టుకుంటారని గదిలోనే కంటుంది. పెళ్లి కాని తల్లికైతే కేసు భయం కూడా.

ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే తాత్కాలిక పత్రం) మీద బిడ్డతో ఊరు చేరాక ఇంకో పొరపాటు జరుగుతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షన్ ప్రకారం, కాన్సులేట్‌లో నమోదు కాని బిడ్డ జననాన్ని, ఇక్కడే స్థిరపడాలని వచ్చిన తల్లిదండ్రులు, బిడ్డ దేశంలోకి వచ్చిన 60 రోజుల్లోగా ఇక్కడ నమోదు చేయించవచ్చు. తప్పక చేయించాలి. కానీ దాంతోనే పౌరసత్వం వచ్చేసిందనుకోవడమే ఆ పొరపాటు. ఆ సర్టిఫికెట్ పుట్టిన తేదీకి, చోటుకే రుజువు. పౌరసత్వానికి అది సరిపోదు, ఆలస్యానికి కారణం రాసి కేంద్రం అనుమతి విడిగా కోరాల్సిందే. అప్పుడు పనికొచ్చేవి ఆస్పత్రి చీటీ, టీకా కార్డు, తల్లి పాత పాస్‌పోర్టు. ఔట్‌పాస్ చేతికొచ్చింది కదా అని వీటిని అక్కడే వదిలేసి రావద్దు.