పిల్లల రక్షణ: 2014లో బెంగళూరు పట్టిన దారి

తూర్పు బెంగళూరు అపార్ట్‌మెంట్ సంఘాల్లో, తల్లిదండ్రుల సమావేశాల్లో మళ్ళీ పాత పేచీయే మొదలైంది. మరిన్ని సీసీ కెమెరాలు పెట్టి, పనివారందరి పూర్వాపరాలను పోలీసులతో తనిఖీ చేయించాలని ఒక పక్షం అంటోంది. ముందు పిల్లలతో, ఇంటి పెద్దలతో లైంగిక వేధింపుల గురించి విడమరచి మాట్లాడాలని రెండో పక్షం అడుగుతోంది. పసివాళ్ళ దగ్గర ఆ మాటలేమిటన్న అభ్యంతరం తెలుగు కుటుంబాల నుంచీ గట్టిగానే వస్తోంది.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. ఈ పేచీ వేళ్ళు మాత్రం ఆ చట్టం వచ్చిన 2012లో కాదు, 2014 జులైలో ఉన్నాయి.

మారతహళ్ళి ప్రాంతంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరేళ్ళ బాలికపై అత్యాచారం జరిగిందన్న ఫిర్యాదు ఆ నెలలో బయటపడింది. తల్లిదండ్రులు పెద్ద ఎత్తున వీధుల్లోకి వచ్చారు. నగర పోలీసు కమిషనర్ మారారు. తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం కావడంతో ఆ భయం మన ఇళ్ళలోనూ తిష్ఠ వేసింది. అప్పటి ఆగ్రహంలో రెండు ప్రశ్నలున్నాయి: ఈ పని చేసిందెవరు? తెలిసీ చెప్పనిదెవరు? మొదటి ప్రశ్నకు జవాబుగా పాఠశాలలకు మార్గదర్శకాలు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, సిబ్బంది తనిఖీలు వచ్చాయి. వీధుల్లో ఆందోళన సద్దుమణిగాక రెండో ప్రశ్న మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

నిజానికి చట్టంలో అన్నిటికన్నా పదునైన భాగం ఆ రెండో ప్రశ్నకు సంబంధించినదే. 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. ఇది ఉపాధ్యాయులకో వైద్యులకో పరిమితమైన విధి కాదు. పొరుగింటివారికీ, అత్తగారికీ, వాచ్‌మన్‌కూ వర్తిస్తుంది. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ కేసూ నిలవదని కూడా అదే సెక్షన్ హామీ ఇస్తోంది. ఈ హామీ సంగతి తెలియకనే ఎంతోమంది మనకెందుకులే అని ఊరుకుంటున్నారు.

కెమెరా ఉంటే సాక్ష్యం దొరుకుతుంది, తప్పు చేసేవాడు జంకుతాడు అని పాఠశాలలు చెప్పే మాటలో నిజముంది. అయితే కెమెరా చూడలేని చోట ఏం జరుగుతోందో దేశానికి 2007లోనే తెలిసింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను కలిసి చేసిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వేధించినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఈ వేధింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన ఇళ్ళలో అలాంటివి జరగవు అనేవారు ముందుగా చదవవలసింది ఈ నివేదికనే.

2014 నాటికి ఈ నగరానికి అనుభవం లేదనడానికీ వీల్లేదు. ఇద్దరు స్త్రీవైద్య నిపుణులు 2001లో ప్రారంభించిన ఎన్‌ఫోల్డ్ ట్రస్టు అప్పటికే ఏళ్ళ తరబడి బడుల్లో వ్యక్తిగత భద్రత గురించి పిల్లలకు చెబుతోంది. వయసుకు తగిన పాఠాలు తయారు చేయాలని పోక్సో నియమాలు స్పష్టంగా చెప్పింది 2020 మార్చిలో. అదే నెలలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాయి.

2014లో పట్టిన దారి వల్ల మరుగున పడిన పిల్లలు ఇంకా ఉన్నారు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి ఈ అపార్ట్‌మెంట్లనే కట్టే కూలీల బిడ్డలు రేకుల షెడ్లలో ఒంటరిగా ఉండిపోతారు. వారికేదైనా జరిగితే నిర్లక్ష్యం నింద తల్లి మీద పడుతుంది. 50 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం యజమానికి విధించింది. ఆ గది ఎక్కడని గుత్తేదారును అడిగే నివాసుల సంఘాలు అరుదు.

ఇలాంటివి అడగడానికి కర్ణాటక పల్లెల్లో ఒక వేదిక ఉంది. పిల్లలే పంచాయతీ ముందు తమ కష్టాలు చెప్పుకునే ప్రత్యేక గ్రామసభలు అక్కడ ఏళ్ళుగా జరుగుతున్నాయి. 2009 నాటి సమీకృత బాలల రక్షణ పథకం గ్రామస్థాయి బాలల రక్షణ కమిటీలకు చోటిచ్చింది. పట్టణ స్థానిక సంస్థల కమిటీలకూ ఈ బాధ్యత అప్పగించవచ్చని కేంద్ర బాలల రక్షణ పథకమైన మిషన్ వాత్సల్య 2022 నాటి మార్గదర్శకాలు అన్నాయి. కానీ బెంగళూరు కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులోనే ముగిసింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలు జరగలేదు. వార్డు తరఫున కూర్చోవలసిన మనిషే లేకపోయాక పిల్లల సంగతి ఎవరికి చెప్పాలన్నది నివాసుల సంఘాల మీదే పడింది. ఆ సంఘాల ఎజెండాలో ఇప్పటికి ఉన్నది కొత్త కెమెరాల కొటేషన్లు. 19వ సెక్షన్‌ను, పిల్లల సహాయ నంబరు 1098ను తెలుగు, కన్నడ, తమిళ, హిందీ భాషల్లో లిఫ్టుల దగ్గరా కూలీల షెడ్ల దగ్గరా అతికించాలన్న రెండో పక్షం కోరిక ఇంకా చర్చకే రాలేదు.