విత్తకుండానే వచ్చే కూర

మా బెంగళూరు ఇంటి మేడ మీద టమాటా కుండీలో ఈ ఏడు టమాటాలు నాలుగే కాశాయి. గంగవాయిలి కూర మాత్రం కుండీ అంచు దాటి గచ్చు మీదికి పాకింది. పీకి పారేయబోతుంటే పక్కింటి చింతామణి అవ్వ ఊరుకోలేదు. "పీకేస్తావేంది మా! పప్పులో ఏస్తే ఎంత బాగుంటాదో."

గింజలు నేను చల్లలేదు, కిందటేటి మొక్కే చల్లుకుంది. దాని పసుపు పువ్వు వాడాక చిన్న కాయ మిగులుతుంది. కాయ నడుము చుట్టూ సన్నటి గీత ఉంటుంది. పండాక గోటితో తాకితే చాలు, పై సగం కుంకుమ భరిణె మూతలా ఊడొస్తుంది. లోపల నిగనిగలాడే నల్లటి గింజలు. ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు, పక్కన పెడితే ఆవగింజే పెద్దదనిపిస్తుంది. బాగా ఎదిగిన ఒక్క మొక్కే లక్షకు పైగా రాల్చగలదు.

అన్నీ ఒకేసారి మొలిస్తే ఒక్క ఎండకే వంశం పోతుంది. కాబట్టి చాలా గింజలు మట్టిలో పడి నిద్రపోతాయి. వాటిని లేపేది ఎక్కువగా వెలుతురే. గింజలో ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఎర్ర కాంతి తగిలితే అది మొలకకు దారి వదులుతుంది. పైన ఆకుల నీడ ఉంటే ఆ ఎరుపును ఆకులే మింగేస్తాయి, గింజ ఆగిపోతుంది. మట్టి తవ్వగానే కలుపు లేవడం అందుకే: అడుగున పడుకున్నవాటిని మనమే పైకి తెచ్చి లేపుతున్నాం. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కలుపు విత్తనాలను 20 సీసాల్లో పాతిపెట్టాడు. 2021లో తీసిన సీసాలోనూ కొన్ని మొలిచాయి!

కాబట్టి ఈ సాగులో పనే తక్కువ. ఒక్క మొక్కను కోయకుండా పండనివ్వాలి. తర్వాత మట్టిని పైపైన గీకి, నీళ్లు చిలకరించాలి. గింజల మీద మట్టి కప్పితే చెడినట్టే. చిలక తోటకూర కూడా ఇలాగే తనే చల్లుకుంటుంది. పొన్నగంటికి విత్తనంతో పనే లేదు, కణుపు కణుపుకీ వేళ్లు దించుతుంది.

ఇంకో తమాషా. నీళ్లు పోయడం మరిచిన వారంలో గంగవాయిలిని తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నమిలి చూడండి. ఉదయం ఆకు ఎక్కువ పుల్లగా ఉంటుంది. మట్టి ఎండితే ఈ మొక్క ఆకు రంధ్రాలను రాత్రిపూట తెరిచి, పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. పగలంతా దాన్ని ఖర్చు పెడుతుంది. మామూలు రోజుల్లో మొక్కజొన్నలా సి4 అనే పద్ధతి నడుపుతుంది, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను పగలే పీల్చి, ఎండలోనూ చురుగ్గా తిండి తయారుచేసుకుంటుంది. రెండు పద్ధతులూ ఒకే కణాల్లో సాగుతాయని 2022లో తేల్చారు.

కోసేముందు కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది రెడ్డివారి నానబాలు జాతిది, కూర కాదు. మురికి కాలువ పక్కన, రోడ్డు అంచున మొలిచినవాటి జోలికి వెళ్లకండి.

గంగవాయిలి ఆకులో రాళ్లు కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు పడదు. ఉడికించి నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతుంది. పెరుగుతో తింటే అందులోని కాల్షియం ఆక్సలేట్‌ను పట్టేసి ఒంటికి అంతగా పట్టనివ్వదు. అవ్వకు ఈ లెక్క తెలీదు. గంగవాయిలి పప్పు చేసినరోజు మాత్రం గిన్నెడు గడ్డపెరుగు పక్కన లేకుంటే ముద్ద ముట్టదు.